తనది కాని వాద్యం



ప్లాటినం జూబిలీ వంటి శుభసందర్భంలో పాఠశాల చరిత్రను, గురువుల త్యాగాన్ని స్మరించుకొనడం ఆచారం. ఆ కర్తవ్యాన్ని ఈ వేదికపై పెద్దలు నిర్వర్తించి ఉన్నారు. ఈ ప్రసంగానికి ఎన్నుకొన్న విషయం మాత్రం వేలూరుకూ గుడియాత్తానికీ ఎంతో దూరమైనదని తొలుత తోచవచ్చు. ఆర్గన్ అనే మహావాద్యంపై ప్రపంచ దేశాల యువతీయువకులు పోటీపడే సభలు కొన్ని కలవు. ఆ పోటీల తీరుతెన్నులే నేటి విషయం. అది నిజంగా దూరమో, దగ్గరో శ్రోతలే తేల్చగలరు.

ఆర్గన్ అనగానే కొందరికి చర్చి జ్ఞప్తికి వస్తుంది, మరికొందరికి సినిమా పాటలలోని కీబోర్డు జ్ఞప్తికి వస్తుంది. ఇక్కడ ప్రస్తావిస్తున్నది గొట్టాల ఆర్గన్. దాని మర్మాన్ని తెలుసుకొనడానికి కొలిమి చాలు. కొలిమితిత్తి గాలిని పట్టి విడిచినట్లే ఆర్గన్ తిత్తి కూడా గాలిని నింపుకొని, ఒకే ఒత్తిడితో ఒక పెట్టెలోకి పంపుతుంది. ఆ పెట్టె మీద వేల గొట్టాలు నిలిచి ఉంటాయి. వాద్యకారుడు మెట్టును నొక్కగానే ఒక చిన్న మూత తెరచుకొని, ఆ గొట్టంలోకి గాలి దూరి, అది పలుకుతుంది. ఒక్కొక్క గొట్టానికి ఒకే స్వరం. వేణువువలె రంధ్రాలు మూసి తెరచి స్వరం మార్చే వీలు లేదు గనుకనే అన్ని వేల గొట్టాలు అవసరమయ్యాయి. పెద్ద ఆర్గన్లలో 32 అడుగుల పొడవైన గొట్టాలు కూడ ఉంటాయి. అతిచిన్నవి పెన్సిలు కంటె చిన్నవి. తిత్తులకూ మూతలకూ పలుచని మేకతోలు, గొర్రెతోలు వాడతారు. ఆంబూరు, వాణియంబాడి, పేర్ణాంబట్టు పట్టణాలలో తోలు పదునుపెట్టే పనివారికి ఆ తోలు గుణం వేరొకరు చెప్పనక్కరలేదు.

ఈ వాద్యం పుట్టింది చర్చిలో కాదు. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దిలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంలో, మంగలి కుమారుడైన క్తెసిబియస్ అనే యంత్రశిల్పి నీటి బరువుతో గాలి ఒత్తిడిని నిలిపే వాద్యాన్ని నిర్మించాడు. దానిపై పోటీ సైతం చాల ప్రాచీనమైనదే. క్రీస్తు పూర్వం 90లో క్రీట్ ద్వీపవాసి అంతిపాత్రోస్ గ్రీసులోని డెల్ఫీ క్షేత్రంలో రెండు రోజులు ఈ వాద్యాన్ని వాయించి కిరీటం పొందాడని అక్కడి శిలాశాసనం చెబుతున్నది. పేరు తెలిసిన మొదటి ఆర్గన్ విజేతలలో ఆయన ఒకడు. పరాయి ద్వీపం నుండి వచ్చినవాడన్న సంగతిని శాసనం మరువలేదు.

తరువాతి కాలంలో చర్చి ఈ వాద్యాన్ని స్వీకరించి పెంచింది. వాద్యకారుల మధ్య స్పర్ధ కూడ పెరిగింది. 18వ శతాబ్ది ఆరంభంలో రోము నగరంలో హాండెల్, డొమెనికో స్కార్లట్టి అనే ఇద్దరు యువకులను ఒక కార్డినల్ ఎదురెదురుగా నిలిపాడు. ఆర్గన్‌పై హాండెల్‌దే పైచేయి అని స్కార్లట్టియే అంగీకరించాడని చెబుతారు. 1717లో డ్రెస్డెన్ నగరంలో జె. ఎస్. బాఖ్‌తో తలపడవలసిన ఫ్రెంచి విద్వాంసుడు లూయీ మర్షాన్, పోటీనాటి ఉదయమే బండి ఎక్కి వెళ్ళిపోయాడని మరొక కథ. తంజావూరు ఆస్థానంలో బొబ్బిలి కేశవయ్యకు శ్యామశాస్త్రి శరభనందన తాళంతో సమాధానం చెప్పిన వృత్తాంతాన్ని విన్నవారికి ఈ కథలు కొత్తగా తోచవు. సంగీతజ్ఞుల స్పర్ధలకు దేశభేదం లేదు.

బాఖ్ జీవితంలోని ఇంకొక ఘట్టం ఈ సభలోని తల్లిదండ్రులు తప్పక వినదగినది. 1720లో ఆయన హాంబర్గు నగరానికి వెళ్ళి, అక్కడి ఒక చర్చిలో ఆర్గనిస్టు పదవిని ఆశించాడు. వృద్ధ విద్వాంసుడు రైంకెన్ సమక్షంలో చాలసేపు అప్పటికప్పుడు కల్పించి వాయించి, ఆ పెద్దాయన మెప్పు పొందాడు. అయితే పదవి మాత్రం హైట్‌మన్ అనే వేరొకరికి దక్కింది. ఆయన చర్చికి 4,000 మార్కులు చెల్లించాడు. డొనేషను అనే మాట అప్పటికి లేకపోవచ్చును, పద్ధతి మాత్రం ఉండినది!

నేటి అంతర్జాతీయ పోటీలు ఆ అన్యాయానికి విరుగుడుగా పుట్టినవని చెప్పలేము గాని, వాటి నియమాలు చూస్తే ఆ భయం కొంత కనబడుతుంది. హాలండులోని హార్లెం నగరంలో 1951 నుండి ఆశువుగా వాయించే పోటీ జరుగుతున్నది. ఇంగ్లండులోని సెయింట్ ఆల్బన్స్ పట్టణంలో, అక్కడి ప్రాచీన దేవాలయానికి కొత్త ఆర్గన్ వచ్చిన సందర్భాన్ని పురస్కరించుకొని పీటర్ హర్‌ఫర్డ్ అనే సంగీతాధ్యక్షుడు 1963లో ఒక పోటీని ఆరంభించాడు. ఫ్రాన్సులోని షార్త్ర్‌లో 1971లోను, జపానులోని ముసాషినోలో 1988లోను, కెనడాలోని మాంట్రియల్‌లో 2008లోను ఇటువంటివే మొదలైనాయి. అమెరికాలోని లాంగ్‌వుడ్ ఉద్యానంలో 10,010 గొట్టాల ఆర్గన్ ఒకటి కలదు. 2013లో అక్కడ జరిగిన తొలి పోటీలో ప్రథమ బహుమతి 40,000 డాలర్లు. సాధారణంగా ఇవన్నీ యువకులకే పరిమితం. ముప్పది, ముప్పదైదు ఏళ్ళు దాటినవారికి ప్రవేశం ఉండదు.

మొదటి వడపోత రికార్డింగుల ద్వారా జరుగుతుంది. న్యాయనిర్ణేతలకు పేర్లు, దేశాలు తెలియనివ్వక, అంకెలు మాత్రమే ఇచ్చే పద్ధతి పలుచోట్ల కలదు. తరువాతి దశలలో కూడ వాద్యకారుడు ఎత్తైన మాళిగలో, శ్రోతలకు వీపు చూపుతూ, తరచు కంటికే కనబడకుండా కూర్చుంటాడు. ఆర్గన్ కట్టడమే ఒక తెర. వేషం, రూపం, చిరునవ్వు, ఏ ఊరివాడు, ఏ గురువు శిష్యుడు అన్నవాటికి అక్కడ చోటు తక్కువ.

ఇక అసలు విషయం. వీణ విద్యార్థి తన వీణతో పోటీకి వెళతాడు. వయొలిన్ విద్యార్థి తన వాద్యాన్ని పసిబిడ్డవలె ఒడిలో పెట్టుకొని రైలెక్కుతాడు. ఆర్గన్ విద్యార్థికి ఆ భాగ్యం లేదు. వాద్యం భవనంలో భాగం. దానిని ఎవరూ మోసుకొని పోలేరు. కనుక ఎన్ని సంవత్సరాలు సాధన చేసినవాడైనా పోటీనాడు తనది కాని వాద్యం ముందే కూర్చొనవలె. ఏ రెండు ఆర్గన్లూ ఒకటి కావు. ఒకదానికి రెండు వరుసల మెట్లు, మరొకదానికి నాలుగు. ఒకదానిలో మెట్టు ఈకవలె తేలిక, మరొకదానిలో వేలు నొప్పి పుట్టేంత బరువు. ఒకే పేరు గల స్టాపు ఒక చర్చిలో పిల్లనగ్రోవివలె, మరొక చర్చిలో నాదస్వరంవలె పలుకుతుంది. అట్టి వాద్యంతో పరిచయానికి నిర్వాహకులు ఇచ్చేది కొద్ది గంటలే. ఆ కొద్ది గంటలలో ఏ వరుసకు ఏ స్టాపులు కలపాలో, ఎక్కడ మార్చాలో, ఏ గొట్టం ఆలస్యంగా పలుకుతుందో నిర్ణయించి, కాగితంపై గుర్తు పెట్టుకొనవలె. పెద్ద చర్చిలో నాదం రాతి గోడలకు తగిలి కొన్ని క్షణాలపాటు నిలిచి ఉంటుంది. ఆ మోత ఆరక ముందే తరువాతి స్వరాన్ని తొందరపడి వాయిస్తే అంతా కలగాపులగమే. ఇంటి దగ్గర అభ్యసించిన వేగం అక్కడ పనికిరాకపోవచ్చును. ఖాళీ చర్చిలో పనికివచ్చిన వేగం జనం నిండిన తరువాత మళ్ళీ మార్చవలసి రావచ్చును.

ఇందులో మరొక చిక్కు కలదు. మెట్టును గట్టిగా నొక్కినా, మెల్లగా నొక్కినా ఆర్గన్ స్వరం ఒకే స్థాయిలో పలుకుతుంది. నొక్కినంతసేపూ తగ్గక నిలుస్తుంది. మరి భావం ఎక్కడినుండి రావాలి? స్వరం ఎంతసేపు నిలిపాము, రెండు స్వరాల మధ్య ఎంత ఎడం విడిచాము అన్నదానిలోనుండే రావాలి. హార్మోనియానికి కూడ ఇంచుమించు ఇదే పరిమితి. గమకం పలకదన్న నింద మోసి ఆ పెట్టె 1940 మార్చి 1 నుండి ఆకాశవాణిలో నిషేధానికి గురి అయినది. 1971లో గాని ఆ కట్టు సడలలేదు. హార్మోనియం ఆర్గన్‌కు చిన్న చెల్లెలు. 1842లో పారిస్‌లో దెబాఁ దానికి పేటెంటు పొందాడు. కలకత్తాకు చెందిన ద్వారకానాథ్ ఘోష్ దానిని నేల మీద కూర్చొని ఒక చేత తిత్తి ఊపేట్లు మలిచాడు. రేడియో వెలివేసిన ఆ కాలమంతా దానిని ఆదరించినది పద్యనాటకమే. రాత్రంతా సాగే నాటకంలో హరిశ్చంద్రుడొక శ్రుతిలో, నక్షత్రకుడొక శ్రుతిలో అందుకొంటుంటే, నిమిషంలో మెట్లు సవరించుకొని అనుసరించే హార్మోనిస్టు గొప్పతనం తెలియనిది ఎవరికి? పరాయి ఊరిలో, పరాయి పెట్టె మీద, పరాయి గాయకుడి వెంట నడవడం ఆయనకు నిత్యకృత్యం. ఆర్గన్ పోటీలో యువకుడు చేసేదీ అటువంటి పనే.

కాళ్ళ సంగతి చెప్పలేదు. ఆర్గన్‌లో పాదాల క్రింద కూడ ఒక వరుస మెట్లుంటాయి. అక్కడ మంద్రస్వరాలు పలుకుతాయి. బాఖ్ తన పెద్ద కుమారుని అభ్యాసం కోసం కూర్చినవని చెప్పే ఆరు త్రిస్వర సొనాటాలు పోటీలన్నిటికీ గీటురాయి వంటివి. కుడిచేయి ఒక పాటను, ఎడమచేయి వేరొక పాటను, పాదాలు మూడవ పాటను నడుపుతాయి. ఏదీ వేరొకదానికి తోడు కాదు, మూడూ స్వతంత్రం. వినేవారికి మూడు గొంతులు విడివిడిగా వినబడవలె. శ్రుతి తప్పితే చాలమందికి తెలియకపోవచ్చు గాని, ఇందులో ఒక్క స్వరం తప్పితే అందరికీ తెలుస్తుంది. ఎంత దిట్టకైనా ఇక్కడే చెమట పోస్తుంది.

గుడియాత్తం వీధులలో మగ్గం చూసిన పిల్లలకు ఇది అద్భుతం కాకపోవచ్చును. గుంట మగ్గంలో కూర్చున్న నేతగాని పాదాలు తొక్కుడు పలకలను మార్చి మార్చి తొక్కుతూ పడుగును విడదీస్తాయి. ఒక చేయి నాడెను విసరుతుంది. మరొక చేయి పేకను చరుస్తుంది. కళ్ళు మాత్రం బట్ట మీదనే ఉంటాయి, కాళ్ళను చూడవు. ఆర్గనిస్టు కూడ కాళ్ళను చూడడు. చూచినవాడు ఇంకా నేర్చుకొంటున్నవాడని అర్థం. అంతేకాదు, ఈ సరిహద్దు సీమలో ఇంట తెలుగు, వీధిలో తమిళం, పోటీపరీక్షలో ఇంగ్లీషు మూడింటినీ ఒకదానితో ఒకటి కలవనీయకుండా నడపవలసిన పిల్లలకు త్రిస్వరమంటే ఏమిటో వివరించడానికి ఎక్కువ శ్రమ అక్కరలేదు.

ఆశువుగా వాయించే పోటీ ఇంకా ఆసక్తికరం. న్యాయనిర్ణేతలు ఒక చిన్న స్వరపంక్తిని అప్పటికప్పుడు అందిస్తారు. కొద్దిసేపు ఆలోచించుకొనే గడువు. ఆ తరువాత ఆ పంక్తిని పల్లవిగా చేసి, మలచి, తిప్పి, ఎదురుపాట కట్టి, ఒక సమగ్రమైన రచనగా వినిపించవలె. సమస్యాపూరణం చేసే అవధాని స్థితి ఇదే. పృచ్ఛకుడు ఇచ్చిన పాదం కొరుకుడు పడనిదైనా, దానిని చివరకు సహజంగా అతికించవలసినదే. హార్లెం పోటీ జరిగే ఆర్గన్ 1738 నాటిది. సుమారు 5,000 గొట్టాలు కలది. పదేళ్ళ బాలుడుగా మొజార్ట్ 1766లో దానిని వాయించాడు. ఆ వాద్యంపై 1953, 1954, 1955 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు పీట్ కే అనే డచ్చి యువకుడు గెలుపొందాడు. అవధానులలో కూడ అట్టివారు అరుదు.

పోటీలకు వచ్చే యువతీయువకులు ఎవరు? అందరూ పెద్ద చర్చిల నీడలో పుట్టినవారు కారు. సెయింట్ ఆల్బన్స్‌లో 1964లో గెలిచిన జిలియన్ వీర్ న్యూజీలాండులోని మార్టిన్‌బరో అనే చిన్న పట్టణంలో 1941లో జన్మించినది. మొదట ఆమె పియానో విద్యార్థిని. ఉపకారవేతనంపై లండన్‌లోని రాయల్ కాలేజి ఆఫ్ మ్యూజిక్‌కు వచ్చి, ఇంకా విద్యార్థినిగా ఉండగానే ఆ బహుమతి పొందినది. మరుసటి సంవత్సరమే లండన్ ప్రామ్స్ సంగీతోత్సవాల ప్రారంభ సభలో పులాంక్ రచించిన ఆర్గన్ కచేరీ రచనను వాయించినది. 1996లో బ్రిటన్ ఆమెకు డేమ్ బిరుదునిచ్చినది. వెనుకటి రోజులలో ఆర్గన్ మాళిగ పురుషుల సొత్తు అని భావించేవారు. అదే సెయింట్ ఆల్బన్స్‌లో 1963 నాటి తొలి విజేత కూడ సూసన్ లాండేల్ అనే యువతియే. మొదటి రెండు పోటీలలో ఇద్దరు స్త్రీలు. పోటీలో వాయించేవారు కంటికి కనబడకపోవడం వల్ల మేలు జరిగిందో, వారి ప్రతిభ అంతటిదో! రెండవదే సత్యమనడం న్యాయం.

పిల్లవాడు సంగీతంలో పడితే చదువు చెడుతుందని దిగులుపడే తల్లిదండ్రుల కొరకు మరొక ఉదాహరణ. 2021లో మాంట్రియల్ అంతర్జాతీయ పోటీలో ప్రథమ బహుమతి పొందిన కెనడా యువకుడు ఏరన్ టాన్, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో పదార్థ విజ్ఞానశాస్త్రంలో డాక్టరేటు పొందినవాడు. అందరికీ రెండూ సాధ్యమని చెప్పడం అతిశయోక్తి. సాధ్యమే కాదనడం కూడ అటువంటిదే.

ఈ పోటీల జాబితాలలో జపాను, కొరియా దేశాల యువతీయువకుల పేర్లు పుష్కలంగా కనబడతాయి. జపానులో క్రైస్తవుల సంఖ్య అత్యల్పం. ఆ దేశంలో ఆర్గనిస్టులు ఎట్లా పుట్టారన్న ప్రశ్నకు సమాధానం వారి సంగీత మందిరాలలో దొరుకుతుంది. 1973లో టోక్యోలోని ఎన్‌హెచ్‌కె హాలులో, 1986లో సంటరీ హాలులో గొట్టాల ఆర్గన్లను ప్రతిష్ఠించారు. 1978లో కొరియా రాజధాని సియోల్‌లో సెజాంగ్ కేంద్రంలో మరొకటి వెలసినది. వాద్యం ఒక మతానికి, ఒక గుంపుకు చెందిన గదిలో నుండి పౌరుల సభామందిరంలోనికి వచ్చినది. వాద్యం ఎక్కడ నిలిచి, ఎవరికి తలుపు తెరచి ఉంటుందో అక్కడ వాద్యకారులు పుడతారు. మేధస్సు, శ్రద్ధ, వేళ్ళ చురుకు ఏ దేశపు పిల్లలకూ తక్కువ కావు. తక్కువైనది తాళంచెవి.

భారతదేశంలో గొట్టాల ఆర్గన్లు చాలవరకు పాత రేవు నగరాలలోని చర్చిలలో మిగిలినాయి. చెన్నైలో సెయింట్ జార్జ్ కెథీడ్రల్, సెయింట్ ఆండ్రూస్ కిర్క్ అందుకు నిదర్శనాలు. కిర్క్‌లో ఆర్గనిస్టుగాను, మద్రాసు ఆకాశవాణిలో పాశ్చాత్య సంగీత నిర్వాహకుడుగాను హాండెల్ మాన్యువల్ పేరు పాత తరం శ్రోతలకు సుపరిచితం. సముద్రపు తేమ, చెదలు, ఎలుకలు, వేసవి ఎండ ఈ వాద్యాలకు ప్రబల శత్రువులు. తోలు ఎండి చీలిపోతుంది, కొయ్య వంగుతుంది, ఒక గొట్టానికి గాలి ఆగక వాయించనిదే మోగుతూ ఉంటుంది. మరమ్మతు చేయగల నిపుణులు అరుదు. అందుచేత చాల చర్చిలు విద్యుత్ ఆర్గన్‌తోనో కీబోర్డుతోనో తృప్తిపడుతున్నాయి. అందులో తప్పు పట్టవలసినది లేదు.

ఇక్కడి పిల్లవాడు లేక పిల్ల ఒకరు ఈ దారి పట్టదలిస్తే ఏమి చేయాలన్న ప్రశ్న మిగిలి ఉన్నది. ఆరంభం పియానోతోనో, మంచి కీబోర్డుతోనో కావచ్చును. రెండు చేతులకూ స్వాతంత్ర్యం, స్వరలిపి చదవడం అక్కడే అలవడతాయి. 1872లో చర్చి సంగీతం కొరకు వెలసి, నేడు ప్రపంచమంతటా సంగీత పరీక్షలు జరిపే లండన్ ట్రినిటీ కాలేజి పరీక్షలలో ఆర్గన్ కూడ ఒక విషయం. హార్మోనియం తిత్తి ఊపినవారికి గాలి వాద్యం స్వభావం ముందే కొంత తెలుసు; నిలిచే స్వరాన్ని ఎక్కడ ఆపాలో తెలుసు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలకు పురుషోత్తమ చౌదరి నాటి నుండి దేశి బాణీలు అలవాటే గనుక, ఆర్గన్ అంటే పాశ్చాత్య బాణీ ఒక్కటే అన్న అపోహ కూడ అక్కరలేదు.

అంతవరకు వేలూరులోనే సాధ్యం. ఆ పైన పాదాలకు పని చెప్పవలసివచ్చినప్పుడు మాత్రం, కాట్పాడిలో రైలెక్కి రెండు గంటల పైచిలుకు ప్రయాణం చేసి, చెన్నైలో ఆరాధనలు లేని వేళ చూచుకొని, చర్చి పెద్దల అనుమతి పొంది, ఒక పెద్ద ఖాళీ హాలులో దీపం వేసుకొని, తనది కాని వాద్యం ముందు కూర్చొనవలె. సెయింట్ ఆల్బన్స్‌లోను, హార్లెంలోను పోటీకి ముందు రాత్రి యువకులు చేసేది సరిగా అదే. బూట్లు మార్చుకొంటారు. స్టాపులను ఒకటొకటిగా లాగి చూస్తారు. ఒక్క స్వరాన్ని పట్టుకొని, వదలి, గోడల నుండి ఆ మోత ఎంతసేపటికి ఆరుతుందో చెవి ఒగ్గి వింటారు.